అన్ని గీతలూ వంగిన చోట

ఆ డ్రాఫ్ట్స్‌మన్‌ని చంపడానికి వాళ్ళు పెద్దగా శ్రమ పడలేదు. పొద్దున్నే ఆఫీసుకి వెళుతూ రోడ్డు దాటబోయి ఆగాడు. వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి వేశారు. తెలిసినవాడు పలకరించినంత మెత్తగా. సిమెంటు లారీ బ్రేకులు కీచుమన్నాయి. జనం పోగయ్యేసరికి ఆ చెయ్యి వేసిన మనిషి అవతలి ఫుట్‌పాత్ మీద చొక్కా ముడతలు సరిచేసుకుంటూ నడిచి వెళ్ళిపోతున్నాడు.

"పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. మనం అలా అనుకోవడం లేదు," అన్నాడు చీఫ్.

చీఫ్ గదిలో ఏసీ చప్పుడు చేయడమే తప్ప చల్లబరచడం మానేసి చాలాకాలమైంది. ఎదురు కుర్చీలో కూర్చున్న ఏజెంటు కోడ్‌నేమ్ కొంగ. పొడవాటి మెడ, కదలకుండా గంటల తరబడి నిలబడగల ఓపిక చూసి ఎవరో పెట్టిన పేరు. ఓపిక ఇంకా ఉంది. మోకాలే అరిగిపోయింది.

"ఎందుకనుకోవడం లేదు?" అన్నాడు కొంగ.

"నిన్న మన పబ్లిక్ నంబరుకి ఫోన్ చేశాడు. ఆపరేటర్ పిచ్చివాడనుకుని పెట్టేసింది. విను."

చీఫ్ మీట నొక్కాడు. సన్నటి, బెదురు గొంతు వినిపించింది.

"సార్, తవ్వకాల రికార్డుల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ. ఒక వీధిలో అన్నీ వంగుతున్నాయి. అన్నీ. కారణం లేకుండా. ఆ వీధి గురించే ఎవరో అదేపనిగా అడుగుతున్నారు. ఎవరికి చెప్పాలో తెలియక మీకు..." టేపు అక్కడితో తెగిపోయింది.

"ఏం వంగుతున్నాయి?"

"అదే కనుక్కో. మావయ్య ఊళ్ళో దిగాడు."

కొంగ నిట్టూర్చాడు. మావయ్య ఎవరికీ మేనమామ కాదు. పరాయి దేశాల జీతం తిని మన దేశంలో పని చేయించే ముఠాకి నాయకుడు. తన మనుషుల్ని పేరంటానికి పిలిచినంత ప్రేమగా పిలిచి పనులు అప్పజెబుతాడు. ఆ పనుల నుంచి తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

"మఖమల్ కూడా ఉంది," అన్నాడు చీఫ్, ఎటో చూస్తూ.

ఈసారి కొంగ నిట్టూర్చలేదు. ఒకప్పుడు ఒక రేవు పట్టణంలో అతనూ, మఖమల్ అనే కోడ్‌నేమ్ గల ఆ ఏజెంటూ భార్యాభర్తలుగా నటిస్తూ అద్దె ఇంట్లో కాపురం ఉన్నారు. అందమైన మనిషి, అంతకంటే అందమైన అబద్ధాలు. ఆ తరవాత ఏజెన్సీయే ఆమెని మావయ్య ముఠాలోకి పంపింది. ఏడాదిగా రిపోర్టు లేదు.

"ఇప్పుడు ఎవరి మనిషి?"

"అది కూడా కనుక్కో."

కింద అంతస్తులో గాడ్జెట్ల సెక్షన్ మనిషి నల్ల గొడుగు ఒకటి చేతికిచ్చాడు. "పిడిలో డిటెక్టర్ ఉంది సార్. భూమిలో తీగ ఉంటే సన్నగా వణుకుతుంది. ఇనుము ఉంటే గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది."

"వానొస్తే?"

"తెరవకండి సార్. సర్క్యూట్ తడిసిపోతుంది."

టాక్సీలో ఉండగా భార్య ఫోన్ చేసింది. ఆమె దృష్టిలో అతను ఫైర్ ఇన్సూరెన్సు సర్వేయరు.

"ఏమండీ, సాయంత్రం అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. గుర్తుందా?"

"ఉంది. వచ్చేస్తాను."

"పోయినసారీ ఇదే మాటన్నారు."

"పోయినసారి గోడౌన్ తగలబడింది."

"మీ గోడౌన్లు మనింటికి ఎవరైనా వచ్చే రోజే తగలబడతాయేమిటండీ?"

ఇన్నేళ్ళ సర్వీసులో ఆమె చేసిన ఇంటరాగేషన్‌కి తట్టుకున్నది ఒకటి రెండుసార్లే.

తవ్వకాల రికార్డుల ఆఫీసు ఒక పాత భవనంలో రెండో అంతస్తు. పొడవాటి బల్లలు, వాటి మీద పెద్ద కంప్యూటర్ తెరలు, గోడవారగా చుట్టిపెట్టిన పాత నక్షాల కట్టలు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపుకి స్వెటర్ ఇంకా వేలాడుతోంది. అటువైపు ఎవరూ చూడడం లేదు.

ఆఫీసు అధికారిణి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అందరూ ఆమెని మేడమ్ అని పిలుస్తున్నారు.

"ఫైర్ ఇన్సూరెన్సా? లారీ కింద పడ్డ మనిషి గురించి ఫైర్ ఇన్సూరెన్సుకి ఏం పని?"

కొంగ దగ్గర మంచి అబద్ధాలు మూడు సిద్ధంగా ఉన్నాయి. ఏ ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"మేడమ్, ఆయన పడలేదు. తోశారు. ఎవరు తోశారో తెలుసుకోడానికొచ్చాను. నేనెవరో మాత్రం చెప్పలేను."

ఆమె లేచి వెళ్ళి తలుపు మూసింది.

"మా పని చాలా చిన్నదండీ," అంది తెర వెలిగిస్తూ. "ఊళ్ళో ఎవరు తవ్వాలన్నా ముందు మాకు చెప్పాలి. మేము నీళ్ళవాళ్ళకి, గ్యాసువాళ్ళకి, కరెంటువాళ్ళకి, టెలిఫోనువాళ్ళకి కబురు పెడతాం. భూమిలో తమదేం ఉందో వాళ్ళు గీసి పంపుతారు. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి తవ్వేవాళ్ళకి ఇస్తాం. ఇదివరకు ఎవరి గీతలు వాళ్ళ బీరువాల్లో దాచుకునేవాళ్ళు. నీళ్ళకోసం తవ్వితే ఫోన్లు పోయేవి. ఫోన్లకోసం తవ్వితే ఆస్పత్రికి కరెంటు పోయేది."

"ఇప్పుడు అందరూ ఇస్తున్నారా?"

"ఇస్తున్నారనే అనుకున్నాం. ఇది చూడండి."

తెర మీద ఒక వీధి. నీళ్ళకి నీలం, గ్యాసుకి పసుపు, కరెంటుకి ఎరుపు, ఫోనుకి ఆకుపచ్చ. నాలుగు గీతలూ వీధి మొదట్లో తిన్నగా బయలుదేరాయి. ఒక ప్లేస్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి నాలుగూ ఒక్కసారిగా పక్కకి తప్పుకున్నాయి. వీధి చివరికంటా అలాగే ఒదిగి నడిచాయి. మధ్యలో ఖాళీ.

"ఆ ఖాళీలో ఏముంది?"

"రికార్డు ప్రకారం మట్టి."

"మట్టిని చూసి పైపులు పక్కకి తప్పుకోవుగా."

"మావాడూ ఇదే అన్నాడు." మేడమ్ తెర మీద ఆ ఖాళీ దగ్గర వేలు పెట్టింది. "ఎప్పుడో పాతరోజుల్లో ఎవరో వచ్చి, ఇక్కడ తవ్వకండి, ఎందుకని అడక్కండి అని చెప్పుంటారు. అప్పటివాళ్ళు తప్పుకుని తవ్వారు. ఆ మాట ఎక్కడా రికార్డులోకి ఎక్కలేదు. చెప్పినవాళ్ళూ పోయారు, విన్నవాళ్ళూ పోయారు. ఇప్పుడెవరైనా అక్కడ తవ్వుతామంటే కాదనడానికి మాకు రూలు లేదు. పైగా వీధి మొత్తంలో తవ్వదగిన జాగా అదొక్కటే."

"ఎవరైనా అడిగారా?"

"ఒక డ్రైనేజీ కాంట్రాక్టరు. అనుమతి ఆపమని మావాడు రెండుసార్లు నా గదికొచ్చాడు. కారణం చూపించమన్నాను."

"ఎప్పుడు తవ్వుతున్నారు?"

"ఇవాళే. మిషన్ దిగిందని ఇందాకే ఫోన్ చేశారు. ఆడమనిషి. ఎంత మర్యాదగా మాట్లాడిందో!"

కొంగకి ఆ మర్యాద తెలుసు.

మెట్లు దిగుతూనే చీఫ్‌కి ఫోన్ చేశాడు. ఒక్కో మెట్టుకీ మోకాలు ఒక్కో మాట అంటోంది.

"సార్, ఆ వీధి కింద ఉన్నది మనదేనా?"

"ఆ ప్రశ్న ఫోన్‌లో అడక్కూడదు."

"అంటే మనదే. ఏంటది?"

"ఒక లైను. అంతకంటే నీకు అవసరం లేదు. తవ్వకం ఆపు. ఎందుకాపుతున్నావో ఎవరికీ చెప్పకు."

"చెప్పకుండా ఎలా ఆపను సార్?"

"అందుకే నిన్ను పంపాను," అని చీఫ్ పెట్టేశాడు.

ఆ వీధి ఇరుకైనది. ఒకవైపు దర్జీ షాపు, సైకిల్ రిపేరు, పైన రెండంతస్తుల కాపురాలు. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. రెండోవైపు ప్లేస్కూలు. గోడ మీద ఏనుగులు, బెలూన్లు. లోపల పిల్లలు ఏదో పాట పాడుతున్నారు, ఎవరి స్వరం వాళ్ళది. గేటు ఎదురుగా పసుపు రంగు తవ్వే మిషన్. డ్రైవరు చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిశ్చింతగా మట్టి ఎత్తి పోస్తున్నాడు. నడుంలోతు గొయ్యి అప్పుడే తయారైంది. ఎర్రజెండా పట్టుకుని అతనికి సైగలు చేస్తున్న మనిషి చొక్కా మడతలు నలగలేదు, ప్యాంటు అంచులు కత్తుల్లా ఉన్నాయి. ఆ దుమ్ములో అంత ఇస్త్రీ నిలబెట్టుకోవడం మట్టి పని చేసేవాడి లక్షణం కాదు. డ్రాఫ్ట్స్‌మన్ వీపు మీద చెయ్యి వేసింది ఎవరో కొంగకి అర్థమైంది.

కొంచెం ఎడంగా, తెల్ల హెల్మెట్, నల్ల కళ్ళద్దాలు, మెడలో పట్టు స్కార్ఫు. మఖమల్.

కొంగ వెనక నుంచి వెళ్ళి నిలబడ్డాడు. "ఈ వీధికి నీళ్ళు ఎప్పుడొస్తాయండీ?"

పాత కోడ్. ఆమె వెనక్కి తిరగలేదు. "వచ్చినప్పుడొస్తాయి," అంది. కాసేపాగి, "లావయ్యావు," అంది.

"చూడకుండానే?"

"అడుగుల చప్పుడు. కుంటుతున్నావు కూడా. వానా లేదు, ఎండా లేదు, చేతిలో గొడుగేంటి? మీ గాడ్జెట్ల సెక్షన్ ఇంకా మారలేదా?" ఆమె ఇటు తిరిగింది. పసుపు కోటు జేబులోంచి పిస్టల్ మూతి అతని పొట్టవైపు చూస్తోంది. "అక్కడే నిలబడు. తొందరగా అయిపోతుంది."

"ఏం అయిపోతుంది?"

"మీ మిలిటరీ తీగ ఒకటి తెగుతుంది. పొరపాటున తెగినట్టే ఉంటుంది. రిపేరుకొచ్చే వాళ్ళలో మా మనిషి ఒకడుంటాడు. అతికించేటప్పుడు చిన్న చెవి ఒకటి అమరుస్తాడు. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగలదు."

"డ్రాఫ్ట్స్‌మన్‌కి తగిలింది."

ఆమె కళ్ళద్దాల వెనక ఏం జరిగిందో కనపడలేదు. "అది నాకు తరవాత తెలిసింది," అంది.

"మానెయ్యొచ్చుగా?"

"ఇదే ఆఖరిది. తరవాత సముద్రం కనిపించే చోట చిన్న ఇల్లు."

"మన అద్దె ఇంట్లోంచి కూడా సముద్రం కనిపించేది. నువ్వెప్పుడూ కిటికీ తెరవలేదు."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. ఇద్దరూ ఒకే రైలు కోసం చాలాసేపటి నుంచి కాచుకున్న ప్రయాణికుల్లా పక్కపక్కన నిలబడ్డారు. మిషన్ బకెట్ దిగింది, మట్టి కరిచింది, లేచింది.

కొంగ గొడుగు మొన నేలకి ఆనించాడు. పిడి మీట నొక్కాడు. తీగ అయితే సన్నగా వణకాలి. కానీ పిడి అతని అరచేతిలో దబదబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండడుగులు జరిగి మళ్ళీ ఆనించాడు. అదే కొట్టుడు. ఇనుము. చాలా ఇనుము.

"నేను ఒక ఫోన్ చేసుకోవాలి," అన్నాడు.

"పోలీసులకైతే వద్దు."

"కాదు. మా వాళ్ళకే. నాకూ అబద్ధమే చెప్పినట్టున్నారు."

ఆమెకి ఆ మాటలో ఏం వినిపించిందో, తలూపింది.

"సార్," అన్నాడు కొంగ. "కింద ఉన్నది తీగ కాదు, పైపు. అందులో ఏముంది? ఈసారి నాకు అవసరం లేదనకండి. నేను దాని మీదే నిలబడి ఉన్నాను."

అవతల చాలాసేపు ఏసీ చప్పుడే వినిపించింది.

"విమానాల ఇంధనం," అన్నాడు చీఫ్ చివరికి. "రేవు నుంచి ఎయిర్‌బేస్‌కి వెళుతుంది. ఫుల్ ప్రెషర్‌లో ఉంది. మిగతా చోట్ల బాగా లోతు. ఆ వీధిలో కింద రాయి తగిలిందని పైకి తెచ్చారు."

"వాల్వు కట్టెయ్యండి."

"పైనుంచి ఆర్డర్ రావాలి. అడిగాను. మీటింగులో ఉన్నారు."

"ఇక్కడ పసిపిల్లలున్నారు సార్."

"తెలుసు. నువ్వు మాత్రం ఈ సంగతి ఎవరితోనూ అనకు. అది టాప్ సీక్రెట్."

కొంగ ఫోన్ జేబులో పెట్టుకుని, దేశంలోకెల్లా ఎవరికి చెప్పకూడదో సరిగ్గా ఆ మనిషికే చెప్పాడు.

"అది తీగ కాదు. విమానాల ఇంధనం. ప్రెషర్ మీద ఉంది. బకెట్ పన్ను దిగితే ఈ వీధి ఉండదు."

"అబద్ధం."

"నేను చెప్పే అబద్ధాలు నీకు తెలుసు. ఇది వాటిలా ఉందా?"

మఖమల్ కళ్ళద్దాలు తీసింది. కళ్ళకింద నల్లటి వలయాలు. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది కొంగకి.

"నిన్నిక్కడ నిలబడమన్నదెవరు?" అడిగాడు.

"మావయ్య. గోతి పక్కనే ఉండి దగ్గరుండి చూసుకోమ్మా, నువ్వుంటే నాకు ధైర్యం అన్నాడు."

"ఆయనెక్కడున్నాడు?"

"రేవులో. పడవలో. ఊరికి..." ఆమె ఆగిపోయింది. మిగతా మాట ఇద్దరికీ తెలుసు. ఊరికి దూరంగా.

ప్లేస్కూల్లో పాట అయిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

ఆమె పిస్టల్ సంగతి మరిచిపోయి ఎర్రజెండా పట్టుకున్న ఇస్త్రీవాడి వైపు పరిగెత్తింది. "ఆపించు! కింద ఇంధనం ఉంది! మావయ్య మనల్ని కూడా..."

ఇస్త్రీవాడు ఆమెనీ, ఆమె వెనక కుంటుకుంటూ వస్తున్న కొంగనీ చూశాడు. అతనికి ఒక్కటే అర్థమైంది, ఈ మనిషి మళ్ళీ పార్టీ మార్చింది. జెండా పారేసి మిషన్ ఎక్కాడు. డ్రైవర్ని కాలరు పట్టి కిందకి లాగేశాడు. హెడ్‌ఫోన్లతో సహా డ్రైవరు మట్టికుప్ప మీద పడ్డాడు. లివర్లు ఇస్త్రీవాడి చేతిలోకొచ్చాయి. బకెట్ గాలిలోకి లేచి, పళ్ళు కిందికి తిప్పుకుంది.

కొంగ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మోకాలు ఒప్పుకునేది కాదు. గొయ్యిలోకి దూకాడు. కాలికింద మట్టి జారింది. జారినచోట నల్లటి తారుపూత వేసిన పైపు వీపు బయటపడింది, తాబేటి డిప్పలా. దాని మీద అడ్డంగా పడ్డాడు. ఛాతీ కింద అది సన్నగా కంపిస్తోంది. లోపల ఏదో వేగంగా పారుతోంది.

పైన ఆకాశానికి అడ్డంగా బకెట్.

ఆ క్షణంలో అతనికి దేశం గుర్తు రాలేదు. సాయంత్రం అల్లుడికి ఏ గోడౌన్ తగలబడిందని చెబుతారో అనుకున్నాడు.

బకెట్ దిగింది. మధ్యలో ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. బకెట్ పళ్ళలోంచి రాలిన మట్టిపెళ్ళ ఒకటి కొంగ మెడ మీద పడింది. ఒక పన్ను అతని కోటుని వీపు దగ్గర చీల్చి, చర్మాన్ని తాకి అక్కడే నిలిచిపోయింది.

మఖమల్ మిషన్ మెట్టు మీద వేలాడుతోంది. హెల్మెట్ ఎక్కడో పడిపోయింది. కుడిచేతిలో మిషన్ తాళంచెవి. ఎడమచేతి పిస్టల్ ఇస్త్రీవాడి చెవికి ఆనించి ఉంది.

"కిందికి చూడు," అంది ఆయాసపడుతూ. "అది తీగేనా?"

అతను చూశాడు. నల్లటి పైపు, దాని మీద బల్లిలా కరుచుకుపడుకున్న పొడుగు మనిషి. ఇస్త్రీవాడి చేతులు లివర్ల మీంచి వాటంతటవే జారిపోయాయి.

"నాతో కూడా తీగేనన్నాడు," అన్నాడు.

ఏజెన్సీ కార్లు వచ్చేలోపు ప్లేస్కూలు ఆయమ్మలు పిల్లల్ని ఒకరి చొక్కా ఒకరికి పట్టించి వరసగా వీధి దాటించారు. ఒకడు మిషన్ ఎక్కుతానని పేచీ పెట్టాడు. డ్రైవరు మట్టికుప్ప మీదే కూర్చుని, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

మఖమల్ ప్లేస్కూలు గోడకి ఆనుకుని నిలబడి పిస్టల్‌ని పిడివైపు తిప్పి కొంగకిచ్చింది. పడవ పేరు చెప్పింది. అది నిలిచిన రేవు చెప్పింది. మావయ్య భోజనం ఎప్పుడు చేస్తాడో కూడా చెప్పింది. మొదటి ముద్ద నోట్లో ఉండగానే పట్టుకున్నారని తరవాత తెలిసింది. వీధి తగలబడే పొగ కోసం బైనాక్యులర్సు పక్కనే పెట్టుకున్నాడట.

"రిపోర్టులో నిన్ను ఎవరి మనిషివని రాయను?" అడిగాడు కొంగ, ఆమెని కారెక్కిస్తూ.

"అలసిపోయిన మనిషినని రాయి," అంది. కారు అద్దం పైకి ఎత్తేసింది.

కొంగ తిన్నగా చీఫ్ దగ్గరికి వెళ్ళలేదు. చిరిగిన కోటుతోనే రికార్డుల ఆఫీసు మెట్లెక్కాడు. మేడమ్‌కి జరిగింది చెప్పాడు. చెప్పకూడనిది కూడా చెప్పాడు. ఆమె డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీలో మొదటిసారి కూర్చుంది. స్వెటర్ పక్కకి జరపలేదు. తెర మీద ఆ ఖాళీలోకి ఐదో గీత దింపింది. వీధి చివరికంటా లాగింది. గీత పూర్తయ్యాక చాలాసేపు మౌస్ వదల్లేదు.

"వాడే గీయాల్సింది," అంది.

చీఫ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఇన్నేళ్ళ రహస్యం! ఊళ్ళో మట్టి తవ్వే ప్రతివాడికీ చెప్పేశావా?"

"సార్, అది మావయ్యకి తెలుసు. మీకు తెలుసు. తెలియనిదల్లా మట్టి తవ్వేవాళ్ళకీ, ఆ మట్టి మీద బతికేవాళ్ళకీ."

"నీ మీద ఎంక్వయిరీ ఉంటుంది."

"రేపు పెట్టుకోండి సార్. ఇవాళ ఇంటికి చుట్టాలొస్తున్నారు."

ఇంటికి చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. భార్య అతని కోటు చూసింది, వీపు మీద గీతా చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే గోడౌన్ అంటాడని ఆమెకి తెలుసు. తువ్వాలు భుజాన వేసి, "త్వరగా స్నానం చేసి రండి, వాళ్ళు బస్సు దిగారట," అంది. మందు సీసా, దూది బాత్‌రూమ్ గూట్లో పెట్టి ఉన్నాయి.

ఒంటినిండా సబ్బు రుద్దుకున్నాడు. తల మీద నురగ కళ్ళలోకి కారుతోంది. అప్పుడు కుళాయి ఒకసారి గురగురమని, గాలి ఊది, ఆగిపోయింది.

తలుపు సందులోంచి భార్య చెయ్యి ఫోన్ అందించింది. "మీ ఆఫీసు."

"కొంగా," అన్నాడు చీఫ్. గొంతు కాస్త తగ్గి ఉంది. "ఆ వీధిలో లైనుకి అర్జెంటుగా కాపలా గది కట్టిస్తున్నాం. పునాది తీస్తుంటే నీళ్ళ మెయిన్ పైపు పగిలింది. సగం ఊరికి నీళ్ళు లేవు. నీళ్ళవాళ్ళు ఎవరు తవ్వారని అడుగుతున్నారు."

కొంగ కళ్ళు మూసుకునే అడిగాడు. "తవ్వేముందు రికార్డుల ఆఫీసుని అడిగారా సార్?"

"అదేంటయ్యా, రహస్యమైన పని కదా! ఎవరినడుగుతాం?"